మూడో గెంతు

"తాతా, నూకరత్నం అక్క నిన్ను బుజాల మీద ఎత్తుకుందట, నిజమేనా?"

నిజమే అమ్మీ. పోయినేడు ఎండాకాలంలో. నా కూతురి కూతురు కదా అది, లాంగ్‌జంపులో జిల్లా టీముకి సెలక్షను. వయసు దాటిపోతంది, దానికదే ఆకరిసారి. కూర్మన్నపాలెం అవతల గ్రౌండు. పాతరోజుల్లో జాలరిపేట నుంచి బస్సుకి రూపాయిన్నర, ఇప్పుడు... సర్లే, అదొదిలేయ్. మూడు గెంతులిత్తారు, అంతే.

ముందు బరువులెత్తి, కాసేపు కూకుని, తరవాత గెంతితే కాల్లకి జోరొత్తాదన్నాడట వాల్ల మాస్టారు. నానొప్పుకోనేదు. నలబయ్యేల్లు వలలు లాగినోణ్ణి. వల లాగేముందు జబ్బలు అలవగొట్టుకుంటాడేటి ఎవుడైనా? బలం దాసుకోవాలన్నాను. నీడలో కూకోబెట్టి మజ్జిగ తాగించాను. మొదటి గెంతు సప్పగా పడింది.

అప్పుడొచ్చి, "తాతా, ఎక్కు" అంది.

"నానేటి, బస్తానా?"

"బస్తా అయితే నోరు మూసుకునుంటాది."

నన్ను బుజాలకెత్తుకుని ఐదుసార్లు కూకుని లేసింది. డెబ్బై కేజీలు నాను, కాదులే, అప్పుడు అరవై ఐదు. దాని తొడలు వణికిపోతన్నాయి. "ఇప్పుడు ఏడెనిమిది నిమిషాలు కదలకూడదు తాతా" అంది. ఎవులు సిద్ధంగా ఉంటే ఆల్లు రండి అంటన్నారు అక్కడ. ఒల్లు సల్లారిపోద్ది, ఎల్లెల్లు అని నానే తోసేను. రెండోది మొదటిదానికన్నా తక్కువ.

ఈసారి నాను తొయ్యనేదు. అది గోడకి ఆనుకుని కాల్లు సాపుకుంది. కాసేపటికి వణుకు ఆగింది. లేసి మూడో గెంతుకి పరిగెట్టింది.

ఏటి సెప్పమంటావమ్మీ. ఆ బలం నా కల్లముందే కరుసైపోయింది కదా, మల్లీ ఎక్కణ్ణించొచ్చింది? కెరటం లెగిసినట్టు... కాదు, కెరటానికి సప్పుడుంటాది. ఇది సప్పుడు నేకుండా లెగిసింది. ఇసకలో అందరి గుర్తులూ దాటిపోయి పడింది. ఆరోజు అంతదూరం ఎవులూ గెంతనేదు.

ఎర్రజెండా ఎత్తారు, ఆ గెంతు సెల్లదని. కాల్లల్లో అంత జోరొచ్చేసరికి అడుగు పొడుగైపోయి, బొటనేలు గీత దాటేసిందట. రెండో గెంతు ఆ జోరు మీద గెంతుంటే తెలిసిపోయేది, మూడోదానికి పరుగు మొదలెట్టే సోటు ఒక అడుగు ఎనక్కి జరుపుకునేదాన్ని తాతా, అంది. అంతే.

రేతిరిబడిలో నేర్సుకున్న అచ్చరాలతో సెలక్షనైనోల్ల జాబితా నానే సదివాను. రెండుసార్లు సదివాను. దాని పేరు నేదు. ఈ ఏడు దానికి వయసు దాటిపోయింది.