విన్నవాళ్ళే తిరిగివ్వాలి

అనగనగా ఒక బడి, ఆ బడి చివర ఒక గది, ఆ గదిలో ఒక నిచ్చెన, ఆ నిచ్చెన మీద ఒక మనిషి. నువ్వు ఊఁ అంటే ఆ మనిషి కిందికి దిగుతుంది, అనకపోతే అక్కడే ఉండిపోతుంది. అన్నావు కదా, సరే. మీ వాడి బడిలో లైబ్రరీకి తల్లిదండ్రుల్ని కూడా రానిస్తున్నారని, ఇదేదో కొత్త పద్ధతని ఇందాక మురిసిపోతూ చెప్పావే, అందుకే ఎత్తుకున్నాను ఈ ముచ్చట. కొత్తేమిటి తల్లీ? మా బడిలో ఇది నేను పుట్టకముందు నుంచే ఉంది. ఆ దిండు వెనక్కి పెట్టుకుని కూర్చో, లేకపోతే నడుం పట్టేస్తుంది.

నిచ్చెన టీచరమ్మ అనేవాళ్ళు ఆవిణ్ణి. అసలు పేరు ఉండే ఉంటుంది, పిలిచినవాళ్ళెవరూ లేరు. మనిషి పొట్టి, బీరువాలు పొడుగు. పై అరలో పుస్తకం తీయడానికి నిచ్చెన ఎక్కేది, ఎక్కాక దిగబుద్ధయ్యేది కాదు, అక్కడే కూర్చుని చదువుకునేది. ఎవరైనా పిలిస్తే, వస్తున్నా, ఈ పేజీ కానివ్వండి అని పైనుంచే జవాబు. ఇక ఆవిడ పెట్టిన పద్ధతి విను. ఒక్కో తరగతికి వారంలో ఒక పూట లైబ్రరీ. పిల్లలు తమకి నచ్చింది తామే ఎంచుకోవాలి. కార్డు మీద మాత్రం రెండు పేర్లు రాయాలి, చదివేది ఎవరు, వినేది ఎవరు అని. తీసుకెళ్ళేది చదివేవాళ్ళు, తిరిగిచ్చేది విన్నవాళ్ళు. అమ్మో, నాన్నో, తాతో, ఇంట్లో ఎవరు వింటే వాళ్ళు శనివారం సాయంత్రం స్వయంగా వచ్చి పుస్తకం బల్ల మీద పెట్టాలి. అప్పుడావిడ నిచ్చెన దిగి ఒకటే అడిగేది. "ఏం విన్నారు?" అంతే. తప్పు చెప్పారా, ఒప్పు చెప్పారా అని చూసేది కాదు. పెద్ద మాస్టారికి ఇది ఒళ్ళుమంట. ఇది లైబ్రరీయా, పోలీసు ఠాణాయా, పెద్దమనుషుల్ని వరసలో నిలబెట్టి వాంగ్మూలం తీసుకుంటారేమిటమ్మా అని దెప్పేవాడు. పుస్తకం బీరువా నుంచి సంచీలోకి, సంచీ నుంచి బీరువాలోకి తిరిగితే నాకేం లాభమండీ, ఇంట్లో అడుగుపెట్టిందో లేదో తెలియద్దా అనేది ఆవిడ. కొన్నాళ్ళకి మనవడు బళ్ళో చేరాక ఆ పెద్ద మాస్టారే పుస్తకం పట్టుకుని అదే వరసలో నిలబడ్డాడనుకో, అది వేరే కథ. ఇంకో తండ్రి ఉండేవాడు, బస్సు నడిపేవాడు. సగంలో నిద్రపోయానండీ అని నిజం ఒప్పుకున్నాడు. అయితే నిద్రపట్టిన చోటునుంచి మళ్ళీ వినండి అని అదే పుస్తకం చేతిలో పెట్టి పంపింది. ఆ తర్వాత ఆయన నిలబడి వినేవాడట.

ఏం చెబుతున్నాను? ఆఁ, ఇస్త్రీ ఆవిడ. బడి వెనక వీధిలో ఇస్త్రీ కొట్టు, మొగుడు లేడు, ఒక్కతే కూతురు. తనకి అక్షరం ముక్క రాదు. చదువు అబ్బకపోతే నా పక్కన నిలబడి పెట్టె తోయాల్సిందే అని కూతుర్ని రోజూ బెదిరించేది. ఒక శనివారం చేతులకి పొగవాసనతో, కూతుర్ని వెంటబెట్టుకుని వచ్చి పుస్తకం బల్ల మీద పెట్టింది. ఏం విన్నారు అని అడిగితే గుక్క తిప్పుకోకుండా చెప్పింది. ఊరి మధ్య గోపురంలో పళ్ళున్న రాక్షసులుంటారట. ఒక ముసలాయన రోజూ వాళ్ళకి నూనె తాగించి నిద్రపుచ్చుతాడట. ఒకనాడు నూనె అయిపోయింది, రాక్షసులు లేచి ఊళ్ళోవాళ్ళ పగటిపూటని మొత్తం తినేశారు. తెల్లారగానే చీకటి, అన్నం వండుకునే తీరికైనా లేదు. చివరికి ఒక చిన్నపిల్ల తన తలకి రాసుకునే నూనె సీసా పట్టుకుని ఆ గోపురం ఎక్కిందట. "మా పిల్ల గడగడా చదివేసిందండీ" అని కూడా అంది.

నిచ్చెన టీచరమ్మ పుస్తకం వైపు చూసింది. గడియారం ఎలా పనిచేస్తుంది అనే పుస్తకం అది. లోపల బొమ్మల్లో పళ్ళచక్రాలు, నూనె డబ్బా పట్టుకున్న ముసలాయన, గంట స్తంభం. అంతే, రాక్షసుడూ లేడు, పిల్లా లేదు. తల్లి చాటున ఆ పిల్ల గౌను అంచు నలిపేస్తూ బిక్కచచ్చిపోయి ఉంది. పిల్లకి చదవడం రాదని ఒక్కమాట అంటే చాలు, మర్నాటి నుంచి ఆ చేతిలో ఇస్త్రీపెట్టె. అప్పుడు ఆవిడ ఏం చేసిందనుకున్నావు? ఏదో పని ఉన్నట్టు నిచ్చెన ఎక్కింది, కాసేపు పుస్తకాలు సర్దింది, దిగింది. "కథ చాలా బాగుందమ్మా. ఇందులో ఇంకా మిగిలే ఉంది, ఇంకోసారి వినాలి. అయితే నా నిచ్చెన ఊగుతోంది, పట్టుకునేవాళ్ళు లేరు. బడి వదిలాక మీ అమ్మాయిని కాసేపు ఉంచుతారా?"

అలా ఆ పిల్ల నిచ్చెన పట్టుకుంది. ఆవిడ పైనుంచి ఒక్కో పుస్తకం అందించి, ఇది ఏ అక్షరంతో మొదలైందో చూసి ఆ గూట్లో పెట్టమ్మా అనేది. తప్పు గూట్లో పెడితే తిట్టేది కాదు, పాపం దీనికి ఇక్కడ తోచదు, వాళ్ళవాళ్ళు వేరే చోట ఉన్నారు అనేది. అక్షరాలు వచ్చాయి, మాటలు వచ్చాయి. ఎండాకాలం సెలవులు రాకముందే ఆ పిల్ల గడియారం పుస్తకం నిజంగా చదివి తల్లికి వినిపించింది. శనివారం ఇస్త్రీ ఆవిడ వచ్చింది. పిల్ల లోపల గూళ్ళ దగ్గరుంది. ఏం విన్నారు అని అడిగితే ఆవిడ బల్లమీదికి వంగి, గొంతు తగ్గించి అంది కదా. "గడియారం ఎలా తిరుగుతుందో విన్నానండీ. మొదటి కథే బాగుంది."

నిచ్చెన టీచరమ్మ కూడా ఇటునుంచి వంగింది. మీకు ముందే తెలుసా అంది. తెలియకేం అంది ఇస్త్రీ ఆవిడ. ఆ మొదటిసారి చదువుతుంటే మధ్యలో కరెంటు పోయిందట. ఇల్లంతా చీకటి, చదువు మాత్రం ఆగలేదు. నాకేమో చదవడం రాదు, పంతుళ్ళకి చెబితే బెత్తం తీస్తారు, అందుకే మీకైనా అర్థమవుతుందని ఆ కథ విన్నది విన్నట్టు మోసుకొచ్చి మీ బల్ల మీద పెట్టాను అందట. ఇద్దరూ నోటికి కొంగు అడ్డం పెట్టుకుని నవ్వుకున్నారట, పిల్లకి వినబడకుండా.

ఇదంతా నాకెలా తెలుసంటావా? నిచ్చెన టీచరమ్మ ఎవరికీ చెప్పే మనిషి కాదు. ఆ పిల్లేమో, అదే, మా అమ్మ, తన గుట్టు ఎవరికీ తెలియదనే అనుకుంటూ కన్నుమూసింది. ఇస్త్రీపెట్టెలో బొగ్గులు విసురుకుంటూ మొట్టమొదట ఈ కథ నాకు చెప్పింది మా అమ్మమ్మ.