తాళం వేసిన ఆకాశపటం

1991 జులై ఎనిమిదో తేదీ ఉదయం మా పరిశోధనాలయంలో సహాయ శాస్త్రవేత్తగా చేరిన నాటి నుంచి నేటి పదవీ విరమణ దాకా, మేమంతా చాటున ‘తాళం మేడమ్’ అని పిలుచుకునే మా విభాగాధిపతి గారు ఒకే ఒక్క ప్రశ్నను అంటిపెట్టుకుని ఉన్నారు: కంటికి కనిపించని కృష్ణపదార్థం ఆకాశంలో ఎక్కడెక్కడ పరుచుకుని ఉంది? చాటున అన్నాను గానీ, ఆ పేరు సంగతి వారికి మొదటి నుంచీ తెలుసు.

ఈ వీడ్కోలు సభకు వచ్చిన కుటుంబసభ్యుల కోసం ఒక్క మాట. సుదూర గెలాక్సీల కాంతి దారిలో ఈ పదార్థపు ఆకర్షణకు లోనై ఇసుమంత వంగడం వల్ల, వాటి ఆకారం వెంట్రుకవాసి సాగినట్టు కనిపిస్తుంది. ఒక్కదాన్ని చూస్తే ఏమీ తేలదు. లక్షల ఆకారాలను ఓపికగా కొలిచి సగటు తీస్తేనే ఆచూకీ దొరుకుతుంది. అంత ఓపిక మాలో వారికొక్కరికే ఉండేది.

ఉద్యోగంలో చేరిన తొమ్మిదో ఏట, రెండు గెలాక్సీ గుంపుల నడుమ కృష్ణపదార్థపు వంతెన ఒకటి వారి పటంలో కనిపించింది. వ్యాసం అచ్చయింది, అభినందనలు వెల్లువెత్తాయి. నెల తిరక్కుండానే, అదే చిత్రంలోని దగ్గరి నక్షత్రాలు కూడా అదే వైపు సాగి ఉన్నాయని వారే గమనించారు. ఆ పదార్థానికి ఎంతో ఇవతలే ఉన్న నక్షత్రాలు సాగకూడదు, ఒరిగింది మా టెలిస్కోపు అద్దం. వ్యాసాన్ని వారే స్వయంగా ఉపసంహరించుకున్నారు. ఆ సాయంత్రం వారి శ్రీవారు తల గోక్కుంటూ, “ఆ పటాన్ని ఫ్రేము కట్టమని ఇచ్చానే, వద్దని చెప్పి రానా?” అన్నారట.

“తెచ్చి గోడకి తగిలించండి. నేను చూడాలనుకున్నదే చూశాను. అది రోజూ కళ్లబడాలి” అన్నారట వీరు.

మా తాళం పద్ధతి అప్పుడే పుట్టింది. కొలతలన్నిటికీ కంప్యూటరు ఒక రహస్యసంఖ్య కలిపి అసలు ఫలితాన్ని దాచేస్తుంది. ముందే చూస్తే తనిఖీలు కూడా కోరుకున్న వైపే మొగ్గుతాయి గనుక, అవన్నీ ముగిశాకే ఆ సంఖ్యను, అంటే మా తాళాన్ని, తీస్తాం. అదే రెండు గుంపులను ఇప్పుడు కొత్త టెలిస్కోపుతో మళ్లీ కొలిచాం. ఇక తనిఖీలు మిగిలాయి, ఎనిమిది నెలల పని. విరమణ తేదీ అంతదాకా ఆగదు కదా.

పోయిన వారం ఉండబట్టలేక అడిగేశాను. “ఒక్కసారి తీసి చూసేద్దామండీ మేడమ్. మీరొక్కరే చూడండి, నేను అటు తిరిగి నిలబడతాను.”

వారు కంప్యూటరు తెర ఆపేసి నా వైపు తిరిగారు. “నాకు మాత్రం చూడాలని లేదనుకున్నావా? పాతికేళ్లుగా ప్రాణం కొట్టుకులాడుతోంది. అందుకే వద్దంటున్నాను.”

వారు లేని ఆ ఎనిమిది నెలలు తలచుకుంటే ఇప్పటి నుంచే దిగులుగా ఉంది.

మేడమ్, శ్రీవారి వేళాకోళాల నడుమ మీరు సంపూర్ణ ఆరోగ్యంతో నిండు నూరేళ్లు వర్ధిల్లాలని మా అందరి ఆకాంక్ష. ఇందులో మా స్వార్థమూ ఉంది. ఒక్క తనిఖీ వదలం, ఒక్కరోజు తొందరపడం. అన్నీ ముగిసిన రోజున కబురు పంపుతాం, ఆ తాళం మీ చేత్తోనే తీయాలి. అక్కడ వంతెన లేకపోతే, లేదన్న సంగతి కూడా అందరికంటే ముందు మీరే చూడాలి.