గోరు మేస్త్రి మతిమరుపు

ఆ ఫోను కాసేపు పక్కన పెట్టమ్మా, టైరు గురించి ఫోనేం చెప్తుంది? ఇలా వచ్చి కూర్చో. ఆ స్టూలు వద్దు, దానికి ఒక కాలు పొట్టి. ఈ పాత టైరు మీద కూర్చో, తుడిచే ఉంది, బట్టలకేం అంటదు. ఆఁ, ఇప్పుడు చెప్పు. రోజూ ఆఫీసుకీ ఇదే కారు, నెలకో ఆదివారం రేసు ట్రాక్ మీదికీ ఇదే బండి, రెండింటికీ కలిపి ఒకటే సెట్టు కావాలి. అంతేనా? నవ్వుతావేం? ఇందాక కూడా నవ్వుతూ ఒక మాటన్నావ్. "తాతయ్యలా గాలి పెట్టడం మరిచిపోకు" అన్నావ్ నాతో. మీ నాన్న చెప్పాడా? వాడే చెప్పి ఉంటాడులే. వాడి తప్పేం కాదు, మీ ఇంట్లో అందరూ అదే అనుకుంటారు. మీ తాత పోయి ఇరవై నాలుగేళ్ళు, నువ్వు పుట్టక ముందు సంగతి. అంత పనిమంతుడి పేరు చెప్తే మీకు గుర్తొచ్చేది మరుపొక్కటే. ఒళ్ళు మండుతుంది నాకు. నీ మీద కాదు తల్లీ, నా మీద నాకే. నీకు టైర్లు చెప్పే ముందు ఆ గాలి సంగతి చెప్పాలి. నలభై ఏళ్ళుగా ఎవరికీ చెప్పలేదు, మీ నానమ్మక్కూడా. విన్నాక నా దగ్గర కొంటావో, పక్క వీధిలో ఆ అద్దాల షోరూముకి పోతావో నీ ఇష్టం.

మీ తాత అంటే మా అక్క మొగుడు, నాకు బావ. బజారంతా గోరు మేస్త్రి అనేవాళ్ళు. ఎందుకంటావా, కొత్త టైరు వస్తే కాగితం చూడడు, కంపెనీ పేరు చూడడు, బొటనవేలి గోరు రబ్బరులోకి దిగేసి, ఆ గంటు ఎంతసేపటికి పూడుకుంటుందో చూసేవాడు. గబుక్కున పూడితే ఒక రకం, ఆగాగి పూడితే ఇంకో రకం. ఆ గోరు ఎప్పుడూ నల్లగానే ఉండేది, పెళ్ళిళ్ళక్కూడా. "ఆ వేలు జేబులో పెట్టుకోండి, నలుగురిలో పరువు తీయకండి" అని మా అక్క గొణిగేది. ఇదిగో, టైరు పక్కన నాలుగంకెలున్నాయి చూడు, వంగి చూడు, కనబడిందా? అది తయారైన వారం, సంవత్సరం. ఆ అంకెలు ఆయనకి కన్నబిడ్డల పుట్టినరోజుల్లా గుర్తు. "ఫలానా బండికి వెనక కుడివైపుది ముప్పై ఒకటో వారంది, ఇంక మార్చమను" అనేవాడు, ఆ బండి మా షాపుకొచ్చి ఏడాదైనా సరే. అంతటి జ్ఞాపకం.

టైర్లు కావాలని ఎవరొచ్చినా ముందు వాళ్ళ పక్కన కూర్చుని ఒక చుట్టు తిరిగొచ్చేవాడు, కళ్ళు మూసుకుని. "మేస్త్రీ, నిద్రొచ్చిందా?" అంటే "నువ్వు నడుపు బాబూ, బండి ఏదో చెప్తోంది, విననీ" అనేవాడు. దిగాక ఒకటే ప్రశ్న. "ట్రాక్ నుంచి ఇంటికెలా పోతావ్?" నువ్వూ చెప్పు, ఎలా పోతావ్? అదే బండిలో, అవే టైర్లతో. అందరిదీ అదే జవాబమ్మా. చూడు, ట్రాక్ టైరు మెత్తన, గాడులు తక్కువ. నాలుగు చుట్లు తిరిగి వేడెక్కిందంటే గోడ మీద బల్లిలా రోడ్డుని పట్టుకుంటుంది. అదే టైరు పొద్దున్నే చల్లగా ఉన్నప్పుడు వట్టి చెక్క. ఇక వానొచ్చిందా, నీళ్ళు పోవడానికి గాడులేవీ? బండి నీళ్ళ మీద తేలుతుంది. అలాగని పూర్తిగా రోడ్డు టైరేసుకుని ట్రాక్ మీద తిప్పావనుకో, పదో చుట్టుకి అంచులు పెచ్చులూడి చేతికొస్తాయి. రెండు పడవల మీద కాళ్ళంటే ఇదే. ఇప్పుడు మధ్యరకాలు బాగానే చేస్తున్నారు, నీకు గాడులు లోతుగా ఉండే రకం వేద్దామని నా ఉద్దేశం. ట్రాక్ మీద చుట్టుకి రెండు సెకన్లు పోతే పోనీ, ఇంటికొచ్చి పడతావ్. మీ తాతైతే అదీ ఒప్పుకునేవాడు కాదు. "రెండు సెట్లు కొను. ఒకటి వ్యాన్లో పట్టుకెళ్ళు, అక్కడ మార్చుకో, వచ్చేటప్పుడు మళ్ళీ మార్చుకో" అనేవాడు. ఒకాయన "అంత ఓపికెవరికుంది మేస్త్రీ" అన్నాడు పాపం. "ఓపిక లేనివాడికి సైకిలుంది" అన్నాడు మొహం మీదే. ఆ నోటితో వ్యాపారం ఎలా నడిచిందో దేవుడికే తెలియాలి.

ఆయన్ని ఒప్పించగలిగినవాడు ఒక్కడే, పళ్ళ డాక్టరు. సన్నగా ఉండేవాడు, ఎప్పుడూ నవ్వుమొహమే. ఎర్ర బండి, రెండే సీట్లు, నేలకి జానెడెత్తు. "మేస్త్రీ, నేను పన్ను పీకితే నొప్పి తెలీదు, నువ్వు టైర్ల గురించి చెప్తుంటే మాత్రం ప్రాణం పోతోందయ్యా" అనేవాడు. చివరికి బావే దిగొచ్చి మధ్యరకం టైర్లు వేశాడు, ఒక షరతు మీద. ట్రాక్‌కి తనూ వస్తాడు, గాలి సంగతి తనే చూస్తాడు. ఇక్కడ జాగ్రత్తగా వినమ్మా, అసలు ముడంతా ఇక్కడే. రోడ్డు మీదికి ముప్పై రెండు పౌండ్ల గాలి పెడతాం కదా. ట్రాక్ మీద తిరిగి వేడెక్కేసరికి లోపలి గాలి ఉబ్బి నలభై దాటుతుంది, పట్టు పోతుంది. అందుకని అక్కడ మధ్యమధ్యలో కాస్త కాస్త తీసేస్తారు. సాయంత్రం చల్లబడ్డాక గేజి పెట్టి చూస్తే ఇరవై నాలుగు కూడా ఉండదు. మళ్ళీ నింపకుండా రోడ్డెక్కావో, మలుపులో టైరు నలిగిపోతుంది, నీళ్ళలో అసలే నిలవదు. దీనికి బావ ఒక పద్ధతి పెట్టుకున్నాడు. మొదటిసారి గాలి తీసేటప్పుడే వాల్వుల మూతలు నాలుగూ ఊడదీసి చొక్కా జేబులో వేసుకునేవాడు. సాయంత్రం గాలి నింపాకే మళ్ళీ మూతలు. మూత లేదంటే బండి కదలకూడదు. మూత ఉందంటే ఇంటికెళ్ళొచ్చు. డాక్టరు కూడా ఎక్కే ముందు బండి చుట్టూ తిరిగి, నాలుగు మూతలూ వేలితో తట్టి మరీ ఎక్కేవాడు.

ఆ రోజు నేను ట్రాక్‌కి వెళ్ళడం రెండోసారి. ముప్పై ఒక్కేళ్ళు నాకు, ఇద్దరు చిన్నపిల్లలు. అంతకు ముందు చేస్తున్న పని పోతే బావే పిలిచి షాపులో పెట్టుకున్నాడు. బావమరిది బతక కోరతాడంటారే, మా ఇంట్లో అది తిరగబడింది, బావే బావమరిది బతకాలని కోరాడు. సాయంత్రం మబ్బు పట్టింది, అందరూ హడావుడిగా సర్దుకుంటున్నారు. బావ డాక్టరు బండి చుట్టూ తిరిగి ఒక్కో చక్రం దగ్గరా వంగి లేచాడు. దూరం నుంచి చూసి, గాలి నింపేశాడనుకున్నా. ఆయన చూసింది టైరు చల్లబడిందా లేదా అని, చేత్తో. మా ట్యాంకులో గాలి అయిపోతే, ఆ చివర ఇంకొకళ్ళ దగ్గర ట్యాంకు తెద్దామని వెళ్ళాడు. నేను జాకీ మోసుకుంటూ అటుగా వచ్చి చూద్దును కదా, మూతల్లేవు. "అరె, బావ మూతలు మరిచిపోయినట్టున్నాడే" అనుకున్నా. చూశావా? ఆ మనిషి మరిచిపోయాడని ఈ లోకంలో మొట్టమొదట అనుకున్నది నేనే. నా జేబులో ఎప్పుడూ గుప్పెడు మూతలుండేవి. తీసి నాలుగూ బిగించేశా. ఏదో పెద్ద ఉపకారం చేస్తున్నాననే అనుకున్నానమ్మా. గేజి నా నడుముకే వేలాడుతోంది. ఒక్కసారి పెట్టి చూడ్డానికెంతసేపు? చూడలేదు.

చినుకు మొదలైంది. డాక్టరు తల మీద చెయ్యి అడ్డం పెట్టుకుని పరిగెత్తుకొచ్చాడు. అంత వానలోనూ చుట్టూ తిరిగి నాలుగు మూతలూ తట్టాడు, నాకు చెయ్యూపాడు, వెళ్ళిపోయాడు. నేనూ ఊపాను. ఇంతలో బావ ట్యాంకు ఈడ్చుకుంటూ వచ్చాడు. "డాక్టరు బండేదిరా?" "ఇప్పుడే వెళ్ళాడు బావా." "మూతల్లేకుండా ఎలా వెళ్ళాడు?" "నేనే పెట్టా, నువ్వు మరిచిపోతేనూ..." అన్నా. చొక్కా జేబులో చెయ్యి పెట్టి మూతలు తీశాడు. నాలుగూ ఆయన అరచేతిలో ఉన్నాయి. తిడతాడనుకున్నా, తిట్టలేదు. "వ్యానెక్కు" అన్నాడు, అంతే. అప్పుడు ఫోన్లేవమ్మా, వెనక పడి పట్టుకోవడమే. ఐదు మైళ్ళు పోయామో లేదో, మలుపులో నీళ్ళు నిలిచిన చోట ఎర్ర బండి తిరగబడి ఉంది. ప్రాణం పోలేదు, అదొక్కటే అదృష్టం. కుడి చెయ్యి మణికట్టు దగ్గర నుజ్జయిపోయింది. పన్ను పీకే చెయ్యి. మూడు ఆపరేషన్లు చేసినా వేళ్ళు సరిగ్గా ముడుచుకోలేదు. మంచి క్లినిక్కు, మూసేసుకున్నాడు పాపం.

ఆ సాయంత్రమే ఆస్పత్రి వరండాలో డాక్టరు భార్య మా దగ్గరికొచ్చింది. "మూతలు చూసుకునే ఎక్కానంటున్నారు ఆయన. మరి టైర్లలో గాల్లేదంటున్నారు బండి చూసినవాళ్ళు. ఎవరు చూశారు గాలి?" అనడిగింది. అరవలేదు. అరిచినా బాగుండేది. నేను నోరు తెరిచానమ్మా. ఒట్టు, తెరిచాను. మాట బయటికొచ్చేలోపు బావ ఒకడుగు ముందుకేసి "నేనేనమ్మా. మూతలు పెట్టాను, గాలి నింపడం మరిచిపోయాను" అన్నాడు. నేను తెరిచిన నోరు మూసేశా. తేలు కుట్టిన దొంగలా ఆ గోడకి అంటుకుపోయా. ఆవిడ ఆయన వంక చూసిన చూపుంది చూడు... అది నా మీద పడాల్సిన చూపు. వద్దులే, మంచినీళ్ళేం వద్దు, కూర్చో.

బజారు సంగతి తెలుసుగా, గోరంతది కొండంత చేస్తుంది. వారం తిరక్కుండా గోరు మేస్త్రి కాస్తా మతిమరుపు మేస్త్రి అయ్యాడు. పంక్చరుకొచ్చినవాడు కూడా "గాలి పెట్టావా మేస్త్రీ, లేక మూతేనా?" అని వెటకారం. ఒక్కడికీ తిరిగి జవాబివ్వలేదు, సైకిలు కొనుక్కోమన్న మనిషి. నెల తిరిగాక షాపు తాళాలు నా చేతిలో పెట్టి "నువ్వు చూసుకోరా, నాకు మరుపొస్తోంది" అన్నాడు. ఇదిగో, ఈ షాపే. ఇందులో కూర్చునే నా పిల్లల్ని చదివించా, పెళ్ళిళ్ళు చేశా. ఆయనకప్పుడు యాభై రెండు, ఇంకో పదిహేనేళ్ళు సునాయాసంగా చేయగలడు. నేను చేశానని తెలిస్తే మళ్ళీ నా చేతికెవరూ చక్రం ఇవ్వరు, ఇద్దరు పిల్లలతో రోడ్డున పడతాను. ఆయన అలా ఆలోచించి ఉంటాడు. నాతో ఎన్నడూ అనలేదు, నేనూ అడగలేదు.

ఇంట్లో ఇంకా ఘోరం. బావ స్టవ్వు కట్టేసి వస్తే మా అక్క మళ్ళీ వెళ్ళి చూసొచ్చేది. తాళం వేసొస్తే మీ నాన్న వెళ్ళి లాగి చూసేవాడు. "మాత్ర వేసుకున్నారా? నిజంగా వేసుకున్నారా? రేకు చూపించండి" అని చిన్నపిల్లాణ్ణి అడిగినట్టు అడిగేవాళ్ళు. అక్క ఒక్కోసారి నాతో "మీ బావకి మొన్నటి పేపరు అక్షరం పొల్లుపోకుండా గుర్తుంటుందిరా. గాలెలా మరిచాడో నాకు అంతుపట్టదు" అనేది. ఆ మాటన్న రెండ్రోజుల్లో ఆ ఇంట్లో ఏదో ఒకటి కనబడకుండా పోయేది. గొడుగో, కరెంటు బిల్లో. ఒకసారి నేను వెళ్ళేసరికి వీధి తలుపు తీసే ఉంది. హాల్లో బావ ఒక్కడే. జేబులోంచి కళ్ళజోడు తీశాడు, వంటింటి వైపు ఒకసారి చూశాడు, వంగి చెప్పుల స్టాండు కింది అరలో పెట్టాడు. వెళ్ళి కుర్చీలో కూర్చుని "ఏమే, నా కళ్ళజోడు చూశావా?" అని కేకేశాడు. "మళ్ళీనా! ఈ మనిషితో వేగలేక చస్తున్నా" అంటూ అక్క వచ్చింది. బావ తలెత్తి చూస్తే గుమ్మంలో నేను. మా కళ్ళు కలిశాయి. ఆయన పుస్తకాల కింద వెతకడం మొదలెట్టాడు. "నువ్వూ చూడరా తమ్ముడూ" అంది అక్క. నేనూ చూశాను. సోఫా కింద చూశా, టీవీ వెనక చూశా, ఉతికిన బట్టలన్నీ దులిపి చూశా. చెప్పుల స్టాండు తప్ప ఇల్లంతా వెతికానమ్మా.

ఆఖరి ఏడాది మంచం పట్టాడు. ఒక మధ్యాహ్నం అక్క మందుల షాపుకి వెళ్ళింది, ఇద్దరమే ఉన్నాం. టైర్ల కబుర్లే, మాకింకేం ఉంటాయి? మాటల్లో ఎర్ర బండి ప్రస్తావన ఆయనే తెచ్చాడు. "దానికి ముందు ఎడమది పంతొమ్మిదో వారంది, మిగతా మూడూ ఇరవయ్యో వారానివిరా" అన్నాడు. పదహారేళ్ళ కిందటి టైర్లు తల్లీ! ఇంతకంటే సమయం దొరకదనుకున్నా. మంచం దగ్గరికి జరిగి చెయ్యి పట్టుకున్నా. "బావా, ఆ రోజు తప్పు నాది. ఇంక నా వల్ల కాదు, అక్కొస్తే చెప్పేస్తాను, పిల్లలకీ చెప్తాను" అన్నా. నా మొహంలోకే చూశాడు. కళ్ళు తేటగా ఉన్నాయి. "ఏ రోజురా? నాకేం గుర్తు లేదే" అన్నాడు. ఇంకేముంది, కాళ్ళ మీద పడి ఏడ్చి ఉంటాననుకుంటున్నావ్ కదూ? లేదమ్మా. నీ దగ్గర దాచేదేముంది, హమ్మయ్య అనుకున్నా. ఇంక ఎవరికీ చెప్పక్కర్లేదు, హమ్మయ్య, అనుకున్నా. అక్క మందులు పట్టుకొచ్చేలోపే లేచి షాపుకొచ్చేశా.