కొమ్ము లేని కూజా

చైనాలోని డింగ్‌షు పట్టణం. టీ కూజాలు చేసే గురువుగారు పోయాక, ఆయన పనిగదిలో భార్య, శిష్యుడు దెచాంగ్.

"గురువుగారు పోయినరోజు ఈ బాన మూత నేనే వేశానమ్మా. లోపలున్న పచ్చి కూజా ఆరిపోకుండా తడిగుడ్డ పరిచి మరీ వేశాను."

"వేశావు. చూశాను."

"మరి ఆయన చివరి కూజా ఎలా ఎండిపోయింది? ఇదిగో, గోరు కూడా దిగట్లేదు."

"టీ తాగు, దెచాంగ్. చల్లారిపోతోంది."

"తాగుతాను. కొమ్మూ పిడీ చేసి తెచ్చానమ్మా. పచ్చి మట్టికి పచ్చి మట్టే అతుకుతుంది. ఎండినదానికి ఇంక ఏదీ అతకదు. ఎవరైనా మూత తీశారా?"

"ఎలకలేమో."

"ఎలకలు మూత తీసి, మళ్ళీ పెట్టేసి పోతాయా?"

"నేనే తీశాను."

"ఎప్పుడు?"

"రోజూ. పొద్దునా, సాయంత్రమూ."

"ఈ ఇంట్లో ఇన్నేళ్ళున్నారు. గాలి తగిలితే ఏమవుతుందో మీకు తెలీదా?"

"తెలుసు. అయినా తీశాను. దానిమీద చెయ్యేసుకుని కూర్చునేదాన్ని."

"పోనీ, నానబెట్టి మళ్ళీ మట్టి చేసేద్దాం. నేను చేస్తాను."

"చెయ్యగలవా?"

"చెయ్యలేను. ఈ ఆకారం ఆయన చేతికి తప్ప ఎవరి చేతికీ రాలేదు. దేన్ని చూసి చేశారని అడిగితే వ్యాపారికి గుమ్మడికాయన్నారు. షాంఘై నుంచి కొనడానికొచ్చినాయనకి గుడిగంటన్నారు. నాకేమో బావి గట్టన్నారు. నమ్మి ఊళ్ళో బావులన్నీ చూసొచ్చాను."

"అన్నీ చూశావా? పిచ్చివాడా."

"నవ్వకండమ్మా. కుడిపక్క కాస్త ఉబ్బు ఎక్కువ, కింద కాస్త జారుడు. ఎందుకో తెలిస్తే చేతికి వస్తుందేమోనని."

"నన్ను చూసి చేశారు."

"మిమ్మల్నా?"

"ఆ కిటికీ దగ్గరే కూర్చునేదాన్ని. ఏడో నెల. బిడ్డ ఎప్పుడూ కుడిపక్కకే ఒదిగేది."

"మీకు... పిల్లలు లేరనుకున్నాను."

"లేరు. పుట్టింది గానీ ఏడవలేదు. నాకు చూపించొద్దంది మా అత్తగారు. ఆయనే గుడ్డలో చుట్టి కొండవైపు తీసుకెళ్ళారు. తిరిగొచ్చి, చేతులు కడుక్కుని, ఈ బల్ల ముందు కూర్చున్నారు. ఈ ఆకారంలో మొదటి కూజా ఆ రోజే చేశారు."

"కొండమీద ఎక్కడమ్మా?"

"నేనింకా ఆయన్ని అడగలేదు."