స్వర్ణముఖిని తాగిన రాతిచేప

వడమాలపేట కుప్పయ్య నిద్రలో తప్ప నోరు మూయడని ఊళ్లో అంటారు. అది అబద్ధం. నిద్రలోనూ మాట్లాడతాడని అతని భార్య మునిరత్నమ్మే చెప్పింది.

రాళ్లను పరీక్షించే మద్రాసు దొర మధ్యాహ్నానికి వస్తున్నాడు. కొండదారి చూపి పెట్టెలు మోసే మనిషి కావాలని టీకొట్టు గోవిందస్వామికి కబురొచ్చింది. పోయినేడు కుప్పయ్యే వెళ్లాడు. ఈసారి వేరే ఎవరినైనా చూడమన్నాడు దొర. కారణం చెప్పలేదు, ఊరికి చెప్పనక్కరలేదు.

పని పోతుందన్న బెంగతో కుప్పయ్య తుండుగుడ్డలో చుట్టిన బండొకటి భుజాన మోసుకొచ్చి, కొట్టు బెంచీ మీద దించాడు. బండ మూలన చేప బొమ్మ.

"సూడు గోవిందస్వామన్నా! మనిషనేవాడు పుట్టకముందు సముద్రాల్లో ఇట్లాంటి చేపలుండేవంట. పోయినేడు దొర పుస్తకంలో సూపించినాడు. తలకి ఎముకల కవచం, దవడలు మాత్రం లేవు. బురద పీల్చుకొని బతికి, సచ్చి, రాయిలో అచ్చు పడినాయంట. మన కొండల్లో ఉండవన్నాడు. దొరకు దొరకలా, నాకు దొరికింది!"

"అంతేనా?" అన్నాడు గోవిందస్వామి టీ వడగడుతూ.

"అంతేనా అంటావేందబ్బా! దుమ్ము పోవాలని బావిలో ముంచినా. ఆ తర్వాత ఏమైందో తెలుసునా? తోక ఆడించింది! రాయిలోంచి లేచి, ఒక్క గుక్కలో బావి నీళ్లన్నీ పీల్చేసి, ఇంకా దప్పిక తీరక, నన్ను వీపున ఏసుకొని తిరుచానూరు దిక్కు పాకిందప్పా, దారిలో మోట ఎద్దులు నిలబడి దండం పెట్టినాయి..."

"ఎద్దులా?" అన్నాడు చిన్నబ్బ. దొర పని ఈసారి తనదేనని పొద్దుటి నుంచీ అక్కడే కూర్చున్నాడు.

"కాళ్లు మడిచి! ఆడ స్వర్ణముఖి నిండుగా పారతా ఉండె. మూతి పెట్టింది. సుక్క మిగల్చలా. అందుకే గదా ఇప్పుడాడ ఇసకే ఉండాది! నేనొక మొట్టికాయ ఏస్తే సిగ్గుపడి మళ్లా రాయైపోయింది."

పక్కన పూలు కడుతున్న అలివేలమ్మవ్వ వంగి బండను వాసన చూసింది. వెంటనే తుమ్మింది.

"ఏం నాయనా, మనిషి పుట్టకముందే ఎండుమిరపకాయలు పుట్టినాయా?"

అంతలో మునిరత్నమ్మ రానే వచ్చింది, చేతిలో నూరే పొత్రంతో.

"పొత్రం ఈడుండాది, నా సన్నెకల్లు యాడ? ఊరిబిండి పచ్చడి నీ నెత్తిన నూరేదా? నిన్ననే గదా రోళ్లకి గంట్లు కొట్టేవాడొచ్చి దీన్ని గరుకు సేసి, ముచ్చటగా మూలన చేపను చెక్కిపోయినాడు!"

కొట్టంతా నవ్వింది. అందరికన్నా గట్టిగా నవ్విన చిన్నబ్బ, ఆ బండను ఆమెకు అందిద్దామని ఎత్తబోయాడు. అది మోకాలు దాటి పైకి రాలేదు.

"అబ్బా! దీన్ని ఒక్కడివే మోసుకొచ్చినావా కుప్పయ్యా?"

కుప్పయ్య తలూపాడు. గోవిందస్వామి బండను చూశాడు, చిన్నబ్బను చూశాడు, నిట్టూర్చాడు.

"పని నీదే పో కుప్పయ్యా. అయితే ఒక్క మాట. దొర మళ్లా రైలెక్కేదాకా నువ్వా చేపవి. నీకు దవడలు లేవు."

కుప్పయ్య నోరు తెరిచాడు, మూశాడు. బండ భుజానికెత్తుకొని మునిరత్నమ్మ వెనకే నడిచాడు. సందు మలుపు దాకా ఒక్క మాట లేదు. ఆ తర్వాత ఏమైందో ఊరంతటికీ అతని గొంతులోనే వినబడింది.