బ్రేకు పెడల్ మీద మెరుపు

ఇరవయ్యో తేదీ గురువారం ఉదయం పదకొండు గంటల ఐదు నిమిషాలకు స్టేషన్ ఆఫీసర్ ఎదుట నేను చెప్పగా రాసుకున్నది.

నా పేరు, తండ్రి పేరు, ఇంటి నంబరు పై కాగితంలో ఉన్నాయి. వయసు నలభై ఆరు. కార్లకు, ఆటోలకు సీటు కవర్లు కుట్టడం నా వృత్తి. ఇరవై రెండేళ్లుగా ఇదే పని. మా వీధిలో నన్ను సీట్లక్క అంటారు, అసలు పేరుతో అడిగితే ఇల్లు ఎవరూ చూపించలేరు. నన్ను ఎవరూ పిలిపించలేదు, నా అంతట నేనే వచ్చాను. ఇదివరకు రెండుసార్లు గేటు దాకా వచ్చి వెనక్కి తిరిగాను. నాకు భయంగా ఉందని కూడా రాసుకోమన్నాను. అవి రాయక్కర్లేదమ్మా అన్నారు ఆఫీసర్ గారు. రాయండి అన్నాను. రాశారు.

ఈ నెల పదకొండో తేదీ మంగళవారం ఉదయం పది గంటల ఇరవై నిమిషాలకు, మందుల షాపు ముందు రోడ్డు పల్లానికి దిగే చోట, నా కారు నీళ్ల క్యాన్లు వేసే మనిషిని గుద్దింది. ఆయన ఎడమ కాలు రెండు చోట్ల విరిగింది. కారు నడిపింది మా తమ్ముడు. నేను పక్క సీట్లో ఉన్నాను. ఆ రోజు మీరు అడిగినప్పుడు నేను రోడ్డు చూడలేదని, ఏం జరిగిందో తెలియదని చెప్పాను. రోడ్డు చూడలేదన్నది నిజం. ఏం జరిగిందో తెలియదన్నది అబద్ధం.

మా తమ్ముడి వయసు నలభై ఒకటి. సిటీ బస్సు డ్రైవరు. పంతొమ్మిదేళ్ల సర్వీసులో అతని బస్సుకు చిన్న గీత కూడా పడలేదు. ఈ మాట అతను చెప్పుకోడు, నేనే అందరికీ చెప్పుకుంటూ తిరుగుతాను. కారు నాది. పాతది, మూడేళ్ల కిందట కొన్నాను. నాకు మా వీధి చివరి దాకా తప్ప నడపడం రాదు. బరువేదైనా తీసుకెళ్లాలంటే తమ్ముడు సెలవు రోజున వచ్చి నడుపుతాడు.

పోయిన నెల అలాగే వచ్చాడు. కారులో కూర్చుని, సీటు సందులోంచి బిస్కెట్ ముక్క ఒకటి, దారపు ఉండ ఒకటి, ఎప్పటిదో ఎండిపోయిన నిమ్మ చెక్క ఒకటి తీసి డాష్‌బోర్డు మీద వరసగా పెట్టాడు.

"ఊరందరి కార్లకూ కొత్త బట్టలు కుడతావు కదే అక్కా, నీ కారు చూస్తే చెత్తబుట్టకు చక్రాలు పెట్టినట్టుంది" అన్నాడు.

"నీ బస్సేమన్నా అద్దాల మేడా" అన్నాను.

"నా బస్సు రోజూ కడుగుతారు. నీ కారుని పుట్టినప్పుడు కడిగుంటారు" అన్నాడు.

నవ్వుతూనే అన్నాడు. నేనూ నవ్వాను. కానీ నా పనే సీట్ల పని కదా, ఆ మాట లోపల గుచ్చుకుంది. ఈసారి వాడు వచ్చేసరికి వాడి నోరు మూయించాలనుకున్నాను. ఇదంతా ఎందుకు చెబుతున్నానంటే, నేను చేసిన పని కోపంతో చేసింది కాదు. వాడు మెచ్చుకోవాలని చేసింది.

పదో తేదీ సోమవారం మధ్యాహ్నం రెండు గంటలకు మొదలుపెట్టాను. నాలుగు తలుపులూ తీసిపెట్టాను. ముందు చెత్త ఏరాను. మ్యాట్లు బయటికి తీసి దులిపి, సబ్బు నీళ్లతో రుద్ది, గోడ మీద ఆరేశాను. ఏసీ గాలి వచ్చే సందుల్లో దుమ్ము పెయింటింగ్ బ్రష్‌తో తీశాను. సీట్లను తడి గుడ్డతో తుడిచాను, నీళ్లు లోపలికి దిగకుండా గట్టిగా పిండి తుడిచాను. అద్దాలు లోపలి వైపు పాత న్యూస్ పేపర్‌తో తుడిచాను. ఇంజన్ ఆయిల్ చూశాను, రేడియేటర్‌లో నీళ్లు చూశాను. వీధి చివరి పంక్చర్ షాపుకు తీసుకెళ్లి టైర్లలో గాలి పెట్టించాను. అన్నీ తమ్ముడు నేర్పినవే.

చివర్న పాలిష్ తీశాను. డాష్‌బోర్డుకు పూసే తెల్లటి పాలిష్, స్ప్రే సీసాలో వస్తుంది, నిమ్మ వాసన వేస్తుంది. మా షాపులో కొత్త కవర్లు తొడిగాక చుట్టూ ఉన్న ప్లాస్టిక్‌కు అదే కొడతాను. పసుపు ఫ్లానెల్ గుడ్డతో డాష్‌బోర్డు, తలుపుల లోపలి భాగం, గేరు చుట్టూ పూశాను. స్టీరింగ్‌కు కూడా పూశాను. పూసి పట్టుకుంటే చెయ్యి జారింది. ఇది ప్రమాదం అనుకుని సబ్బు నీళ్లతో మూడుసార్లు తుడిచేశాను. ఈ సంగతి ముఖ్యం. జారుతుందని నాకు తెలుసు. తెలియదని నేను చెప్పుకోలేను.

అప్పుడు కిందికి చూశాను. లోపలంతా మెరుస్తోంది, మూడు పెడళ్లు మాత్రం మట్టి కొట్టుకుని బూడిద రంగులో ఉన్నాయి. వాటి రబ్బర్లు కడిగాను. ఆరాక పాలిష్ కొట్టి రుద్దాను. నల్లగా నిగనిగలాడాయి. చేతికి తెలిసింది కాలికి వర్తిస్తుందని నాకు ఆ నిమిషంలో తట్టలేదు. ఎందుకు తట్టలేదని తొమ్మిది రోజులుగా నన్ను నేను అడుగుతున్నాను.

మంగళవారం తొమ్మిదిన్నరకు తమ్ముడు వచ్చాడు. ముందు రోజు డ్యూటీ సాయంత్రం నాలుగింటికే దిగి, రాత్రంతా పడుకుని లేచి వచ్చాడు. కునికాడన్న మాట ఎవరు అన్నా తప్పు. తలుపు తీసి లోపలికి తల పెట్టి, డాష్‌బోర్డు నుంచి వెనక సీటు దాకా చూశాడు. తర్వాత అన్నాడు, "చెప్పులు విప్పి ఎక్కాలా ఏంటక్కా?"

నాకు ఎంత సంతోషమైందో ఇక్కడ చెప్పుకోవడానికి సిగ్గుగా ఉంది.

షాపు మారుస్తున్నాను, కొత్త షాపుకు కుట్టు మిషన్ తీసుకెళ్లాలి. సామాను తమ్ముడే దగ్గరుండి సర్దించాడు. మిషన్ తల విప్పి, గోనె చుట్టి, డిక్కీలో అడుగున వెనక సీటుకు ఆనించి పెట్టాం. రెక్సిన్ చుట్టలు దాని పైన పెట్టాం. సీటు ఎత్తు దాటి ఏమీ పెట్టనివ్వలేదు. తాడు వేసి రెండు వైపులా కట్టాడు. కత్తెర్లు డబ్బాలో పెట్టించాడు. నా మంచినీళ్ల సీసా నేను కాళ్ల దగ్గర పెట్టుకోబోతే లాక్కుని తలుపు జేబులో పెట్టాడు. "అది దొర్లి బ్రేకు కిందకి వచ్చిందంటే అంతే సంగతులు. మనల్ని చంపేది పెద్ద సామాను కాదక్కా, ఇలాంటి చిన్నవే" అన్నాడు. అంత జాగ్రత్త మనిషి. బ్రేకు కింద ఏమీ లేకుండా చూసుకున్నాడు. బ్రేకు మీద ఏముందో అతనికెలా తెలుస్తుంది.

పది గంటల ఐదు నిమిషాలకు బయలుదేరాం. అతను తోలు బూట్లు వేసుకున్నాడు, చెప్పులతో బండి నడపడు. నేను ఉతికిన మ్యాట్లలో ఇంకా చెమ్మ ఉంది, బూట్ల అడుగు తడిసే ఉంటుంది. దారిలో మూడు నాలుగు చోట్ల బ్రేకు వేశాడు. మెల్లగా వేశాడు, ఏమీ కాలేదు. పల్లం దగ్గర నేను ఒళ్లో ఉన్న కొలతల కాగితం చూసుకుంటున్నాను. నీళ్ల మనిషి క్యాన్ భుజాన పెట్టుకుని రోడ్డు దాటుతున్నాడట. తమ్ముడు గట్టిగా బ్రేకు తొక్కాడు. నాకు టప్‌మని చప్పుడు వినిపించింది. బూటు పెడల్ మీంచి జారి కింద తగిలిన చప్పుడు. తమ్ముడు "అమ్మా" అన్నాడు. మళ్లీ తొక్కాడు, హ్యాండ్‌బ్రేక్ లాగాడు. కారు ఆగింది. అప్పటికే గుద్దేసింది.

క్యాన్ పగిలి నీళ్లు పల్లానికి పారాయి. ఆ మనిషి అరవలేదు. తన కాలు వైపు చూస్తూ "క్యాన్ పోయింది, క్యాన్ పోయింది" అన్నాడు. తమ్ముడు అతన్ని చేతుల మీద ఎత్తుకుని ఆటోలో ఆసుపత్రికి తీసుకెళ్లాడు. పోతూ పోతూ నాతో "కారు కదపొద్దు, ఏదీ ముట్టుకోవద్దు" అన్నాడు.

నేను ముట్టుకున్నాను. డ్రైవర్ తలుపు తీసి కిందికి చూశాను. బ్రేకు పెడల్ మెరుపు మీద బూటు గీసిన గీత అడ్డంగా ఉంది. ముందు రోజు రుద్దిన ఫ్లానెల్ గుడ్డ నా వైపు తలుపు జేబులోనే, నీళ్ల సీసా పక్కనే ఉంది. గుడ్డ తడిపి ఆ పెడల్ తుడిచాను. గట్టిగా తుడిచాను. మందుల షాపు ఆయన ఇటే వస్తుంటే ఆపేశాను. మిగతా రెండు పెడళ్లు తుడవలేదు. గుడ్డ సంచిలో పెట్టుకున్నాను. సమయం పది ముప్పై అయి ఉంటుంది. మీరు పది నలభైకి వచ్చారు.

తమ్ముడు ఆసుపత్రి నుంచి తిరిగొచ్చి మీతో "బ్రేకు మీంచి కాలు జారింది సార్" అని చెప్పాడు. మెకానిక్ చూసి బ్రేకులు బాగానే ఉన్నాయని రాశాడు. బ్రేకులు బాగుంటే కాలు ఎందుకు జారిందని మీరు అడిగారు. తెలియదు సార్ అన్నాడు. నిద్రమత్తులో ఉన్నాడని అందరూ తేల్చేశారు. మా ఇంట్లో ఆయన కూడా "మీ తమ్ముడు కునికి ఉంటాడు, ఒప్పుకోడంతే" అన్నారు. నేను కాదనలేదు. చెబితే ఆ మనిషి కాలు విరగ్గొట్టింది నేనే అవుతాను, తుడిచి దాచింది కూడా నేనే అవుతాను. రోజూ రేపు చెబుదామనుకున్నాను.

ఈలోపు డిపో వాళ్లు అతన్ని బస్సు ఎక్కనివ్వలేదు. రేపు శుక్రవారం పది గంటలకు అక్కడ విచారణ ఉంది. నేను భయపడింది దానికి కాదు. తను నిద్రపోలేదని వాదించడమే అతను మానేశాడు. భయపడింది దానికి.

నిన్న బుధవారం సాయంత్రం నాలుగు గంటలకు అతని ఇంటికి వెళ్లాను. ముందు గదిలో కుర్చీలో కూర్చుని, కుడికాలు ఎత్తి ఒళ్లో పెట్టుకున్నాడు. చేతిలో సూది ఉంది. నేను వాళ్లింట్లో వదిలిన సూదే, రెక్సిన్ కుట్టే పెద్ద సూది. దానితో అరికాలు మీద పొడుచుకుంటున్నాడు. ఒక చోట పొడిచి, ఆగి, ఇంకో చోట పొడుస్తున్నాడు. నన్ను చూసి దాచుకోలేదు.

"ఏం చేస్తున్నావురా" అన్నాను.

"స్పర్శ ఉందో లేదో చూస్తున్నానక్కా. ఉంది. అన్నిచోట్లా తెలుస్తోంది. మరి ఆ రోజు ఏమైందో తెలియడం లేదు" అన్నాడు.

అరికాలు మీద చుక్కలు చుక్కలుగా రక్తం ఉంది. లెక్కపెట్టలేదు. చాలా ఉన్నాయి.

"నా కాలు నా మాట వినలేదక్కా. రేపు బస్సులో అరవై మంది ఉన్నప్పుడు వినకపోతే?" అన్నాడు. జేబులోంచి కాగితం తీసి చూపించాడు. ఇక స్టీరింగ్ పట్టుకోనని, షెడ్డులో ఏ పని ఇచ్చినా చేస్తానని డిపోకు రాసిన అర్జీ. విచారణలో తనే ఇచ్చేస్తానన్నాడు. కింద సంతకం కూడా పెట్టేశాడు.

అప్పుడైనా చెప్పాల్సింది. చెప్పలేదు. సూది లాక్కుని నా సంచిలో వేసుకుని వచ్చేశాను. రాత్రంతా ఆ సూది నా సంచిలో ఉందన్న ఆలోచనే.

ఈ రోజు ఆ పసుపు గుడ్డ తెచ్చి బల్ల మీద పెట్టాను. దాన్ని ఉతకలేదు. ఇప్పటికీ నిమ్మ వాసన వేస్తోంది. ఆఫీసర్ గారు వాసన చూశారు. పదకొండు ముప్పైకి నన్ను వెనక ఆవరణలో ఉన్న నా కారు దగ్గరికి తీసుకెళ్లారు. అద్దాలు దించే ఉన్నాయి, లోపల తొమ్మిది రోజుల దుమ్ము పడింది. క్లచ్ మీద, యాక్సిలరేటర్ మీద ఆ దుమ్ము పాలిష్‌కు అంటుకుని పేస్టులా పట్టింది. బ్రేకు మీద దుమ్ము పొడిగా ఉంది, ఊదితే లేచిపోయింది. ఆఫీసర్ గారు క్లచ్ మీద బొటనవేలు పెట్టి నొక్కారు. వేలు జారింది. వేలు రుమాలుకు తుడుచుకుని, మళ్లీ నొక్కి చూశారు.

నాకు ఏ శిక్ష పడుతుందో నాకు తెలియదు. అడగడానికి భయం వేసి అడగలేదు. నీళ్ల మనిషిని చూడటానికి ఇంతవరకు వెళ్లలేదు, అతని ముఖం చూడాలంటే కూడా భయమే. వెళ్తాను.

ఒకటే అడుగుతున్నాను. మా తమ్ముడు ఇప్పుడు బయట బెంచీ మీద కూర్చుని ఉన్నాడు. కారు కాగితాల మీద సంతకాలు పెట్టాలని చెప్పి నేనే వెంట తీసుకొచ్చాను. ఈ సంగతేదీ అతనికి ఇంకా తెలియదు. ఎదురుగా నిలబడి చెప్పే ధైర్యం నాకు లేదు, చిన్నప్పటి నుంచి వాడికి నేను పెద్ద. రాసింది నాకు చదివి వినిపిస్తామన్నారు కదా. వినిపించేటప్పుడు ఆ తలుపు తీసి ఉంచండి. కొంచెం గట్టిగా చదవండి.

పైన చెప్పినదంతా నేను చేసింది, చూసింది. ఇందులో ఇంకొకరు నేర్పి చెప్పించిన మాట లేదు. ముందు చెప్పిన అబద్ధాన్ని వెనక్కి తీసుకుంటున్నాను.

(అక్షరం తప్పడం వల్ల మొదటి సంతకం కొట్టివేయబడింది. రెండోసారి చేసిన సంతకం ఇది.)

సీట్లక్క సంతకం

రాసుకున్న అధికారి గమనిక: పై వాంగ్మూలాన్ని తలుపు తెరిచి ఉంచి చదివి వినిపించాను. పెడళ్లకు పాలిష్ పూసిన చోటుకు వచ్చేసరికి బెంచీ మీద ఉన్న వ్యక్తి లేచి గుమ్మంలోకి వచ్చి నిలబడ్డాడు. చదవడం ఆపాను. ఆపవద్దని ఆమె అన్నది. చివరిదాకా చదివాను. అతను కుడికాలి బూటు విప్పి, పాదం నేల మీద ఆనించి, చాలాసేపు గట్టిగా నొక్కిపెట్టి నిలబడ్డాడు. తర్వాత జేబులోంచి ఒక కాగితం తీసి చింపివేశాడు. సమయం పన్నెండు గంటల పది నిమిషాలు.