పార్సిల్ బండి తాళంచెవి

"తాతయ్యా, హాయిగా ఊళ్ళోనే ఉండే పార్సిల్ బండి వదిలేసి లారీ ఎందుకెక్కావు?" అని అడిగావు చూడు అమ్మడూ, ఇన్నాళ్ళకి ఒక్కదానివి అడిగావు. మిగతా అందరూ మీ ఇంట్లో ఎలా ఒప్పుకున్నారనే అడుగుతారు. ఒప్పుకోలేదు, అది వేరే సంగతి. ఆ ఫోను దిండు మీద పెట్టు, జారి పడిపోద్ది. రికార్డవుతోందా? సరే.

మా అక్కయ్య మొగుడు, అంటే మీ అమ్మకి మేనత్త మొగుడు, వెంకటరత్నం బావగారు. ఆయనదే భీమవరంలో పార్సిల్ ఆఫీసు. రైల్లోనూ లారీల్లోనూ వచ్చిన సరుకు మేం షాపులకి అందించాలి. ముందు నాకు తొక్కుడు రిక్షా ఇచ్చారు, వెనక చెక్క ఉంటుందే, అది. టెంపో కొన్నది డెబ్బై మూడులో. కాదు కాదు, మా నాన్న పోయిన ఏడు కదూ, డెబ్బై అయిదు. ఉండి, ఆకివీడు, వీరవాసరం, పాలకొల్లు, ఇదే తిరుగుడు. టీ పావలా ఆ రోజుల్లో. ఏ షాపు ఎన్నింటికి తీస్తారో, ఏ షావుకారు భోజనానికి ఎప్పుడు లేస్తాడో నన్నడిగితే చెప్పేవాణ్ణి. నా చేతిలో పార్సిల్ తడిసిందన్న మాట లేదు. వానొస్తే చొక్కా విప్పి అట్టపెట్టె మీద కప్పేవాణ్ణి. ఇది గుర్తు పెట్టుకో, తర్వాత దీంతోనే నా కొంప మునిగింది.

ఎందుకు వదిలానంటే, ఏం చెప్పనే. ఆ పెట్టెల మీద ఊళ్ళ పేర్లుండేవి. కలకత్తా బనీన్లు, సూరత్ చీరలు, శివకాశి టపాకాయలు. ఒకరోజు పాలకొల్లులో బనీన్ల పెట్టె దించుతుంటే, ఈ అట్టపెట్టె చూసిన ఊళ్ళు కూడా నేను చూడలేదు కదా అనిపించింది. ఇంటికెళ్ళి మీ అమ్మమ్మతో చెప్పాను, నేను లారీ డ్రైవరునవుతానని. "ముందు అన్నం తినండి" అంది. నేనైతే ఆ రోజే అనేసుకున్నాను, ఇంక తిరుగు లేదని. ఏలూరు వెళ్ళి హెవీ లైసెన్సు తెచ్చుకున్నాను. రెండుసార్లు తప్పాను, మూడోసారి ఇచ్చారు. నవ్వకు.

అప్పటికి ఎనభై దాటింది. మన చుట్టూ చేలు చెరువులవుతున్నాయి, చేపలు ఐసులో పెట్టి హౌరా పంపుతున్నారు. కొత్తవాణ్ణి దూరం లైను మీదకి తీసుకునేది ఆ చేపల లారీల వాళ్ళే. మన ఇల్లేమో గుడ్డు కూడా గడప దాటని ఇల్లు. మా అమ్మ రెండు రోజులు నాతో మాట్లాడలేదు. బావగారు అరవలేదు, ఆయనెప్పుడూ అరవరు. నా టెంపో తాళంచెవి తీసుకుని, ఆఫీసులో గోడ మేకుకి తగిలించారు. "ఇది ఇక్కడే ఉంటుంది సత్యం. ఇంకొకడికి ఇవ్వను. ఒక్క ట్రిప్పు తిరిగొచ్చి నువ్వే తీసుకుంటావు" అన్నారు. ప్రేమగానే అన్నారులే. కానీ నాకు ఒళ్ళు మండిపోయింది. ఆ తాళంచెవి మళ్ళీ ముట్టుకోకూడదు, అంతే.

మొదటి ట్రిప్పు. నాతో సీనియర్ డ్రైవరు అప్పారావుగారు. నరసాపురం అవతల సముద్రం ఒడ్డువాళ్ళు, వేట కుటుంబం. వాళ్ళ నాన్నది పడవ, ఈయనది లారీ. నన్ను ఉంచాలా పంపాలా అన్నది ఆయన మాట మీదే. లారీ ఓనరుగారు ముందే చెప్పేశారు, సరుకు బాగా చేరితే ఉంటావు, లేకపోతే మీ బావగారి దగ్గరికెళ్ళిపో అని. ఆ రోజు క్లీనరుకి జ్వరం. దాంతో క్లీనరు పని కూడా నామీదే పడింది.

పొద్దున్న ఇచ్ఛాపురంలో టీకి ఆగాం. అప్పారావుగారు మొహం కడుక్కోడానికి వెనక్కి వెళ్ళారు. ఇంతలో హోటలాయన నా మీద విరుచుకుపడ్డాడు. "ఏవయ్యా, కంపు నీళ్ళు నా గుమ్మంలో కారుస్తావేంటి?" అని. చూద్దును కదా, లారీ కింద నాలుగు మూలల నుంచీ ధారగా కారుతోంది. నాకు సిగ్గుతో తల కొట్టేసినట్టయింది. ఎనిమిదేళ్ళు... కాదు, రిక్షాతో కలిపితే పదేళ్ళు, నా బండిలోంచి చుక్క కారింది లేదు! ఆ క్లీనరు జ్వరం రాకముందు సరిగ్గా చూసుకోలేదు గామోసు అనుకుని, పాత గోనెసంచి చింపి, నాలుగు బెజ్జాల్లోనూ బిగించి కుక్కేశాను. కారడం ఆగిపోయింది. అబ్బ, ఎంత గర్వమో! అప్పారావుగారికి చెప్పను కూడా చెప్పలేదు.

చేప తినేవాళ్ళ ఇంట్లో పుడితే తెలిసేది. కరిగిన నీరు ఎప్పటికప్పుడు పోవాలి. ఆ బెజ్జాలు అందుకే పెట్టారు. నీరు నిలిచిందో, ఎండకి వేడెక్కి కింద వరస ఐసునంతా తినేస్తుంది. అది నాకెవరు చెప్పారు?

కటక్ దాటాం. ఎండ మాడిపోతోంది. అప్పారావుగారు స్టీరింగు మీద. "బండేంటయ్యా ఇలా ఊగుతోంది?" అన్నారు. కాసేపాగి అద్దంలో చూసి, "నీళ్ళు కారట్లేదేంటి?" అన్నారు. నేను గొప్పగా చెప్పాను, "నేనే ఆపానండి" అని. ఆయ్, ఆ మనిషి మొహం నాకిప్పటికీ కనపడుతుంది. బండి పక్కకి తీసి, దిగి, ఒక గోనెగుడ్డ లాగారు. గోరువెచ్చటి నీళ్ళు బుడబుడా వచ్చేశాయి. తలుపు తీసి చూస్తే కింద వరస పెట్టెల్లో ఐసు చూద్దామన్నా లేదు. చేప ఇంకా గట్టిగానే ఉంది. ఒకటి రెండు గంటల్లో ఐసు పడకపోతే మెత్తబడిపోద్ది, హౌరాలో పక్కన పారేస్తారు.

తిట్టలేదమ్మా ఆయన. తిట్టినా బాగుండేది. "నేను బండి వదిలి రాలేను. ఈ ఊళ్ళో ఐసు ఫ్యాక్టరీ ఎక్కడుందో నాకు తెలీదు. చూసిరా" అన్నారు. భద్రక్ అనుకుంటా ఆ ఊరు, అవును భద్రకే. ఒడియా ముక్క రాదు. బోర్డులు చదవలేను. మేకుకి వేలాడే తాళంచెవి కళ్ళ ముందు ఊగింది. ఛీ, ఈ పని పోనివ్వకూడదు అనుకున్నాను.

నేను పార్సిల్ వాణ్ణి కదా! కొత్త ఊళ్ళో షాపు దొరక్కపోతే మేం బోర్డు చూడం, సరుకు ఎటు నుంచి వస్తోందో చూస్తాం. బజారులో నిలబడి చూశాను. ఎండిపోయిన రోడ్డు మీద సన్నగా తడి చార, మధ్యమధ్యలో ఐసు మీద కప్పే ఊక రాలి ఉంది. ఐసు రిక్షా వెళ్ళిన జాడ! ఏ కారడానికి సిగ్గుపడ్డానో అదే దారి చూపించింది చూడు. ఐసు రిక్షాలన్నీ బయల్దేరేది ఫ్యాక్టరీ నుంచే కదా, తడి ఎటు ఎక్కువగా ఉంటే అటు నడిచాను. ఒకచోట ఎండిపోయింది, ప్రాణం పోయినట్టయింది. సందు తిరిగితే మళ్ళీ కనపడింది. చివరికి ఇంజను చప్పుడు, ఫ్యాక్టరీ గేటు. నా జేబులో ఉన్నదంతా తీసి అక్కడి మనిషి చేతిలో పెట్టి, ఐసు వైపు చూపించాను. వాళ్ళ రిక్షా కూడా అడిగాను, సైగల్తోనే. ఆరు దిమ్మలు వేసుకుని, ఊక కప్పుకుని, నేనే తొక్కుకొచ్చాను. అప్పట్లో రిక్షా తొక్కిన తొక్కుడు ఉత్తినే పోలేదు!

అసలు కష్టం అప్పుడొచ్చింది. కింద పెట్టెలు బయటికి తీసి, చేపలు తీసి, ఐసు పరిచి, మళ్ళీ పేర్చాలి. అప్పారావుగారు నా మొహం చూసి, "మీరు ఐసు కొట్టివ్వండి చాలు, చేపలు నేను సర్దుతాను" అన్నారు. అప్పటిదాకా నువ్వు అన్న మనిషి, మీరు అన్నారు. మన ఇల్లు ఎలాంటిదో ఆయనకి తెలుసు. ఒక్కరే చేస్తే సాయంత్రమైపోద్ది. చేతులు పెట్టేశాను. జిగురు, చల్లదనం, ఆ వాసన. రెండుసార్లు పక్కకెళ్ళి వాంతి చేసుకున్నాను, దాచడం ఎందుకు. మళ్ళీ వచ్చి పెట్టాను. మా అమ్మ గుర్తొచ్చి ఏడుపొచ్చింది కూడా. ఐసు తడిలో కన్నీళ్ళెవరికి కనపడతాయిలే.

మర్నాడు హౌరా మార్కెట్లో బెంగాలీ ఆయన మా కింద వరసలోంచే ఒక చేప తీశాడు. మొప్ప ఎత్తి చూశాడు. ఎర్రగా ఉంది. తలూపాడు. నేను అక్కడే నేల మీద కూలబడిపోయాను. అప్పారావుగారు పక్కన కూర్చుని నా వీపు తట్టారు.

తిరిగొచ్చాక ఓనరుగారు ఎలా చేశాడని అడిగితే, అప్పారావుగారు గోనెగుడ్డ సంగతి ఎత్తలేదు. నేనే చెప్పేశాను మొత్తం. "అప్పారావూ, ఏమంటావు?" అన్నారు ఓనరుగారు. "ఈయన లేకపోతే నేను బండి ఎక్కనండి" అన్నారాయన. అంతే మాట.

మా అమ్మ ఏం చేసిందో తెలుసా? దొడ్లో బావి దగ్గర వేణ్ణీళ్ళ బకెట్టు, తువ్వాలు, ఉతికిన పంచె పెట్టి, లోపలికెళ్ళి తలుపు దగ్గరగా వేసుకుంది. నేను స్నానం చేసి వస్తే, కంచం ముందు కూర్చుని విసనకర్రతో విసిరింది. ఎన్నేళ్ళు లారీ నడిపానో అన్నేళ్ళూ ఆ బకెట్టు అక్కడ ఉండేది.

అన్నం తిని బావగారి ఆఫీసుకెళ్ళాను. తాళంచెవి మేకుకే ఉంది. ఆయన కళ్ళజోడు పైనుంచి చూస్తున్నారు, నవ్వుతున్నారు. ముట్టుకోకూడదనుకున్నానా, ముట్టుకున్నాను. తీసి ఆయన చేతిలో పెట్టాను. "ఇంకెవరికైనా ఇచ్చేయండి బావగారూ, బండి ఖాళీగా ఉంచకండి" అన్నాను. ఆయన గుప్పిట మూసుకున్నారు. "చేతులు చేపల వాసన వస్తున్నాయిరా" అన్నారు. అని ఆ చేతులే పట్టుకున్నారు.

ఇంక ఆపెయ్ అది. రేపు నీకు హెవీ లైసెన్సు టెస్టు కదూ? రెండేళ్ళు స్కూటీ మీద ఇంటింటికీ పార్సిళ్ళు ఇచ్చావు, ఆ తిరుగుడు ఎక్కడికీ పోదు. మీ అమ్మ కోపంగా ఉందంటావా, ఉంటుంది. నేను మాట్లాడతాను. తప్పితే తప్పుతావు, మూడోసారికైనా ఇస్తారు. నీ బండి ఎంత దూరమైనా వెళ్ళాలి తల్లీ, క్షేమంగా తిరిగి రావాలి. నువ్వొచ్చేసరికి వేణ్ణీళ్ళు నేను పెట్టిస్తాను...